గడప లోపలి తెలుగు

పాండిచ్చేరిలో ఉప్పళం వీధులకు నీళ్ళు వదిలే మనిషి శంకరన్. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. మలుపులో ఉన్న ఇనపమూత ఎత్తి, తన భుజమెత్తు తాళపు కడ్డీని గుంటలోని వాల్వు మీదికి దించి, నడుం వంచి తిప్పితే తప్ప ఆ పేటలో ఒక్క కుళాయి కూడా గొంతు విప్పదు. ఎదురుచూడటమంటే ఏమిటో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. నిజానికి అతనికి తెలిసింది ఎదురుచూసేలా చేయడమే. బిందెలు వరస పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు నీళ్ళెప్పుడని అడిగితే తలెత్తకుండా "వరుం, వరుం" అంటాడు. వస్తాయి, వస్తాయి అని. ఎప్పుడొస్తాయో మాత్రం చెప్పిన పాపాన పోలేదు.

అలాంటివాడి ఇంట్లోకే ఈ ఏడాది ఎదురుచూపు వచ్చి చాప పరుచుకుని కూర్చుంది.

కూతురు జనని డిగ్రీ ముగించి ఒక కోర్సుకు దరఖాస్తు పెట్టింది. చిన్నపిల్లలకు ముందు వాళ్ళ ఇంటి భాషలో చెప్పి, ఆ పట్టుతో బడి భాషలోకి నడిపించే టీచర్లను తయారుచేసే రెండేళ్ళ చదువు. హైదరాబాదులో. తిండీ బసా వాళ్ళవే. దక్షిణాది మొత్తానికి ఉన్నవి ఇరవై సీట్లు, రాసినవాళ్ళు వేలల్లో. జనని పరీక్ష గట్టెక్కింది. వీడియోలో ఇంటర్వ్యూ కూడా అయింది. ఆ ఇంటర్వ్యూ సాగినంతసేపూ తల్లి కోమల తన కుట్టుమిషను ఆపి, కూత వేస్తుందని కుక్కరు దించి, పక్కింటి కుక్కను సైతం కళ్ళతోనే బెదిరించి నోరు మూయించింది. శంకరన్ డ్యూటీలో ఉన్నాడు. వాళ్ళేం అడిగారో, పిల్ల ఏం చెప్పిందో అతనికి తెలియదు. ఇల్లు చేరేసరికి జనని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడిగితే బాగానే జరిగిందంది.

ఆపైన మిగిలింది ఎదురుచూపే. నెలాఖరులోగా చెబుతామన్నారు. జనని ఫోన్‌ను బోర్లించి పెట్టుకుని, అది మోగినప్పుడల్లా ఇంకో పని ఉన్నట్టు నటిస్తూ దగ్గరికి పోయేది. సీటు రాకపోతే ఏం చేయాలో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అందరికీ తెలుసు కాబట్టే మాట్లాడలేదు. బజారులో ఒక చీరల అంగడివాళ్ళు బిల్లింగుకు రమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. పిల్ల ముఖం చూసి కోమల రెండుసార్లూ ఏదో సాకు చెప్పి పంపింది.

జనని కోరుకున్న చదువు ఆ చదువే ఎందుకని శంకరన్ ఎప్పుడూ అడగలేదు. పిల్లకు టీచరు ఉద్యోగం ఇష్టం, అంతేననుకున్నాడు. మనకు తెలుగు ఉండబట్టి ఒక దారి దొరికిందిలే అని లోలోపల సంతోషించాడు కూడా. అతను తెలుగు గురించి సంతోషించడం అదే మొదటిసారి.

ఎందుకంటే శంకరన్‌కు తెలుగు ఇంట్లో కట్టుకునే లుంగీ లాంటిది. గడప లోపల ఎంత హాయో, దానితో వీధిలోకి పోవడం అంత నామోషీ. తాతల నాడు చిత్తూరు వైపు నుంచి మిల్లు పనికి వచ్చిన కుటుంబం. ఇంట్లో పుట్టుకా చావూ తిట్టూ ముద్దూ అన్నీ తెలుగులోనే. అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. శంకరన్ కూలిమనిషిగా పనిలో చేరిన కొత్తలో తోటివాళ్ళు తెలుగువాళ్ళను వెక్కిరించే మాటతో ‘గొల్టి’ అని పిలిచి నవ్వేవారు. ఎవరైనా సరదాకు ఏడిపిస్తే అతనూ నవ్వి ఊరుకునేవాడు. కానీ ఉద్యోగాలు ఖాయం చేసే సమయంలో, బయటివాళ్ళకు ఇస్తే ఊరివాళ్ళేం కావాలని ఎవరో మేస్త్రీ చెవిలో వేశారని విన్నాక అతనికి నవ్వు రాలేదు. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడే కాలిపోయినవాళ్ళు బయటివాళ్ళెలా అయ్యారో అతనికి అర్థం కాలేదు. అయినా వాదించలేదు. ఆరోజు నుంచి తెలుగును గడప దాటనివ్వలేదు. ఉద్యోగం ఖాయమైంది, మేస్త్రీ రిటైరయ్యాడు, నవ్వినవాళ్ళు ఎక్కడెక్కడికో పోయారు. భయం మాత్రం అతని దగ్గరే నౌకరీ చేస్తూ ఉండిపోయింది. అందుకే ఆ ఇంట్లో పిల్ల తండ్రిని లోపల ‘నాయనా’ అనీ, వీధిలో ‘అప్పా’ అనీ పిలుస్తుంది. ఎవరు నేర్పారో శంకరన్‌కు గుర్తు లేదు.

ఆ ఫోన్ వచ్చింది మధ్యాహ్నపు వంతు నీళ్ళు వదులుతున్నప్పుడు.

అతని ఫోన్ సంగతి కాస్త చెప్పాలి. రెండు చేతులూ తాళపు కడ్డీ మీద ఉంటాయి కాబట్టి ఫోన్ ఎప్పుడూ చొక్కా జేబులో, స్పీకరు మీద ఉంటుంది. మోగితే మణికట్టు దగ్గర తడి లేని చోటుతో ఒకసారి నొక్కుతాడు. అవతలి నీళ్ళ ఫిర్యాదు వీధంతా వింటుంది. ఇతను "వరుం, వరుం" అంటాడు. మళ్ళీ నొక్కుతాడు. పేటలో ఆ నంబరు లేని ఇల్లు లేదు. కొత్త నంబరంటే కొత్తగా అద్దెకు దిగినవాళ్ళని అర్థం.

ఆ మధ్యాహ్నం జేబులోంచి వచ్చింది నీళ్ళ ఫిర్యాదు కాదు. ఎవరో ఆడమనిషి, టీవీలో వార్తలు చదివేవాళ్ళ తెలుగులో, "నమస్కారమండీ, శంకరన్ గారేనాండీ? మీతో కాసేపు తెలుగులో మాట్లాడొచ్చాండీ?" అంది.

శంకరన్ చేతుల్లో కడ్డీ ఆగిపోయింది. చుట్టూ బిందెలవాళ్ళు. పక్కనే ఇస్త్రీ బండి ధనపాల్. పుట్టి బుద్ధెరిగాక ముక్కూమొహం తెలియని మనిషి తనతో తెలుగులో మాట్లాడటం అతనికి అదే మొదలు. తెలుగు మాట్లాడేది చుట్టాలు. చుట్టం కానివాడు ‘గారు’ అంటూ తేనె పూస్తున్నాడంటే బ్యాంకు ఖాతా ఊడ్చేవాడే అయ్యుండాలి. పైగా ఆ తెలుగు నడివీధిలో, తన గుండెల మీద నుంచి, అందరికీ వినపడేలా గలగలమంటోంది. అతని ఒళ్ళంతా చెమట పట్టింది.

"ఇంగ తెలుంగు యారుం ఇల్ల. రాంగ్ నంబర్," అన్నాడు గట్టిగా. ఇక్కడ తెలుగువాళ్ళెవరూ లేరని. ఫోన్ మళ్ళీ మోగింది. అదే గొంతు. ఇంకా గట్టిగా అదే మాట అని నొక్కేశాడు. బిందెలవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను అది తన తెలివిని మెచ్చుకునే నవ్వే అనుకున్నాడు.

ఆ ఆదివారం ఇలక్కియ వచ్చింది. జననితో కలిసి చదువుకున్న పిల్ల. నటేశన్ నగర్‌లో ఉంటారు, బజారులో వాళ్ళకు స్టీలు సామాన్ల కొట్టు. వాళ్ళూ తెలుగువాళ్ళే, తనూ అదే కోర్సుకు పెట్టింది. కోమల ఇచ్చిన కాఫీ చేతిలోకి తీసుకుంటూనే మొదలుపెట్టింది. "మా అమ్మకి ఫోన్ చేసినారు జననీ. అర్ధగంట మాట్లాడినారు. ఇంట్లో ఏం మాట్లాడతారు, పిల్లోళ్ళని ఎట్ట జోకొడతారు, అంతా అడిగినారు. ఇంట్లో నిజంగా ఆ భాష ఉండాదా లేదా అని చూస్తారంట. మీకు చేసినారా?"

జనని తల అడ్డంగా ఊపింది. దరఖాస్తులో ఇంటి పెద్ద నంబరని రాసింది తండ్రిదే. అతని వైపు తిరిగింది.

"నాయనా, నీకేమన్నా ఫోన్ వచ్చిందా?"

శంకరన్ కాఫీ గ్లాసులోకి తల దూర్చాడు. "లేదే. యాడొచ్చింది? నాకొచ్చేదంతా తణ్ణి ఫోన్లే గదా, నీళ్ళ గోల."

అబద్ధం ఇంత తేలిగ్గా జారుతుందని అతను అనుకోలేదు. జారాక దాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. ఇలక్కియ పోయాక జనని గోడకానుకుని కూర్చుని, ఫోన్‌లో చూసి సొంతంగా నేర్చుకుంటున్న తెలుగు అక్షరాలను వేలితో తొడ మీద రాసుకుంటూ ఉండిపోయింది. అందరికీ చేసి మనకే చేయలేదంటే ఇంక మన పేరు తీసేసినట్టేనమ్మా అని తల్లితో అనడం శంకరన్‌కు వినబడింది. వేలమందిని తోసుకుని పిల్ల వాకిలి దాకా వస్తే, తను లోపలి నుంచి గొళ్ళెం పెట్టాడు.

మర్నాడు ఇంట్లో చెప్పకుండా మోపెడ్ తీసుకుని సముద్రపు ఒడ్డున ఉన్న పిళ్ళైచావడి దాకా పోయాడు. అంత దూరం ఎందుకంటే, అక్కడ అతన్ని ఎరిగినవాళ్ళు లేరు. క్షమాపణ చెప్పుకోవడానికి కూడా అతనికి తెలుగు వినబడని చోటు కావాలి. ఒడ్డున పడవ నీడలో నిలబడి, నీళ్ళ ఫిర్యాదుల మధ్య నుంచి ఆ నంబరు వెతికి పట్టుకుని నొక్కాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అంతే. వల బాగుచేసుకుంటున్న ముసలాయన చేపలకొచ్చావా అని అడిగితే అవునని నెత్తళ్ళు కొనుక్కుని తిరిగొచ్చాడు. వీధి చివర దొరికే నెత్తళ్ళ కోసం పిళ్ళైచావడి దాకా పోయినవాడిని కోమల ఎగాదిగా చూసింది. కడుపులో ఏందో పెట్టుకుని తిరగతా ఉండావు, అది పిల్ల సంగతే అయితే పిల్లకు చెప్పు, నాకొద్దు అంది. ఆమెకు అన్నీ సగం చెబితే చాలు, ఒక్కోసారి ఆ సగం కూడా అక్కర్లేదు.

చెబుదామనే అనుకున్నాడు. ఆ సాయంత్రం జనని పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు కూడా. పిల్ల తలెత్తి ‘ఏంది నాయనా’ అనేసరికి, ఏం లేదు, నెత్తళ్ళు బాగుండాయా అని అడిగి లేచి వచ్చేశాడు.

మరుసటి మధ్యాహ్నం అతను మలుపులో కడ్డీ దించి తిప్పుతున్నాడు. కుళాయిలు బుసకొట్టడం మొదలైంది. జేబులో ఫోన్ మోగింది. నొక్కాడు.

"నమస్కారమండీ. నిన్న ఈ నంబరు నుంచి మాకు కాల్ వచ్చింది. ఎవరండీ మాట్లాడేది?"

అదే గొంతు. వీధంతా వినబడేలా. ధనపాల్ ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. బిందెలవాళ్ళు చూస్తున్నారు. స్పీకరు ఆపాలంటే కడ్డీ వదలాలి. శంకరన్‌కు కావలసిందల్లా ఒక్క నిమిషం చాటు. ఆ వీధిలో చాటెక్కడుంది? ఇప్పుడు నొక్కేస్తే ఇంకోసారి రాదని అతనికి తెలుసు.

"అమ్మా, నేను జనని నాయన్ని. పాండిచ్చేరి జనని. ఆ పొద్దు మీరు ఫోన్ చేసినప్పుడు ఈడ తెలుగోళ్ళు లేరని చెప్పింది నేనే. అది అబద్ధం. మేము తెలుగోళ్ళమే. ఇంట్లో మాకు ఇంగో మాట లేదు. తప్పు నాది. దాన్ని పిల్ల మీద పెట్టొద్దమ్మా."

ఇరవై ఏళ్ళలో అతను వీధిలో మాట్లాడిన తెలుగంతా కలిపినా అంత ఉండదు. అవతలి గొంతు మెత్తబడింది.

"కంగారు పడకండి. మీ అమ్మాయి ఇంటర్వ్యూలో చెప్పిందండీ. మా నాన్నను వీధిలో ఎవరైనా మీరు తెలుగువాళ్ళా అని అడిగితే ఇక్కడ తెలుగువాళ్ళు లేరంటాడు అని. మీరు ఆరోజు అన్నది అచ్చం అదే మాట. చిన్నప్పుడు మీకు అన్నం క్యారియర్ తెచ్చిన రోజు సంగతి కూడా చెప్పింది."

శంకరన్‌కు మొదట ఏ రోజో తెలియలేదు. తర్వాత తెలిసింది. తెలిశాక కడ్డీ పట్టుకున్నది తను కాక, కడ్డీయే తనను పట్టుకుని నిలబెట్టినట్టయింది.

ఆమె ఫలితం తన చేతిలో లేదనీ, వారంలో తెలుస్తుందనీ చెప్పింది. ఎలాగూ దొరికారు కదా, నాలుగు మాటలు అడగొచ్చా అంది. అడిగింది. పిల్ల ఏడిస్తే ఏమనేవారు, అలిగితే ఏమనేవారు, వాన వస్తే, చందమామ కనబడితే. శంకరన్ ఒక్కొక్కటే చెప్పాడు. మొదట నేలచూపులతో, తర్వాత మామూలుగా, చివరికి తను కూనిరాగం తీసి జోకొట్టిన పాట రెండు చరణాలు కూడా. వాల్వు కట్టాలన్న ధ్యాసే లేదు. ఆ పూట ఉప్పళానికి వంతుకు మించి నీళ్ళు వచ్చాయి.

ఫోన్ ఆగాక అతను వీధి వైపు చూడటానికి భయపడ్డాడు. ధనపాల్ నిప్పులు సర్దుకుంటూ తాపీగా అన్నాడు, తమిళంలోనే. ఈ సంగతి చెప్పడానికా ఇంత చెమట? మీ ఆవిడ నిన్ను రోజూ తిట్టే తిట్లు మా పిల్లలకు కూడా వచ్చేశాయి, నువ్వు తెలుగువాడివని మాకు తెలియదా? బిందెలవాళ్ళు నవ్వారు. మొన్న నవ్వింది కూడా దీనికేనని శంకరన్‌కు అప్పుడు తట్టింది. తెలిసినవాళ్ళ దగ్గర దాచుకుంటూ ఇన్నేళ్ళు గడిపాడు. దాచినందుకు దెబ్బ తిన్నది మాత్రం అప్పటికి ఏమీ తెలియని పసిపిల్ల, తన కూతురు.

సాయంత్రం ఇంటికి పోయి జననికి అంతా చెప్పాడు. మొదటి ఫోన్, అబద్ధం, నెత్తళ్ళు, ఈనాటి ఫోన్. కోమల మిషను తొక్కడం ఆపింది. జనని తల దించుకుని వింది. ఇంటర్వ్యూలో జనని చెప్పిన క్యారియర్ రోజును అతను తనే గుర్తుచేశాడు. కొత్త పైపు వేస్తున్న రోజు, ఇంజనీరు పక్కన నిలబడి ఉన్నాడు. ఒకటో తరగతి పిల్ల క్యారియర్ పట్టుకుని వీధి చివరి నుంచి ‘నాయనా’ అని కేకేసింది. అతను తిరగలేదు. మళ్ళీ పిలిచింది. తిరగలేదు. ఆ పిల్ల కాసేపు నిలబడి, ఏదో అర్థమైనట్టు, మెల్లగా ‘అప్పా’ అంది. అప్పుడు తిరిగి, నవ్వుతూ, రా అన్నాడు.

"నీ మీద కోపంతో చెప్పలా నాయనా," అంది జనని. "వాళ్ళు నాకీ చదువు ఎందుకని అడిగినారు. ఆ సంవత్సరం క్లాసులో టీచర్ ఏం అడిగినా నాకు తెల్సు. తెలుగులో తెల్సు. చెప్పకూడదనుకుని నోరు మూసుకున్నా. అందరూ ఈ పిల్లకి ఏమీ రాదన్నారు. మన పేటలో ఇప్పుడు కూడా అట్ట కూర్చునే పిల్లోళ్ళు ఉండారు. వాళ్ళకోసరం అని చెప్పినా. చెప్పినాక, నిన్ను తక్కువ చేసినానేమో అని ఏడ్చినా."

పిల్లకు ఒకటో తరగతిలో మార్కులు తక్కువొస్తే తను తిట్టిన తిట్లన్నీ శంకరన్‌కు గుర్తొచ్చాయి. తప్పు చేశానమ్మా అని ఒక్క మాట అనగలిగాడు. జనని అతని చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

ఆ వారం ముగియబోతుండగా, మధ్యాహ్నపు వంతులో, అతను మలుపులో గుంట మీదికి వంగి ఉన్నాడు. వీధి చివర పరుగు చప్పుడు. ఆ చెప్పుల చప్పుడు అతనెరుగును.

"అప్పా!"

శంకరన్ తిరగలేదు. అవునో కాదో తెలుసుకోవాలని ప్రాణం పీకుతోంది. అయినా తిరగలేదు. కడ్డీ మీద చేతులు బిగించి, తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. పరుగు ఆగింది. పిలుస్తోంది నిన్నేనయ్యా అన్నాడు ధనపాల్. ఆ మాట కూడా విననట్టే ఉన్నాడు.

వీధిలో కాసేపు కుళాయిల చప్పుడే వినిపించింది.

"నాయనా," అంది జనని. మెల్లగానే అంది. తర్వాత ఇంకోసారి, పేటంతా వినబడేలా, "నాయనా! సీటొచ్చింది!"

శంకరన్ తిరిగి, కడ్డీ వదిలేసి కూతురికి ఎదురు నడిచాడు.